పొరను చీల్చే అర్ధ చక్రం

ఇనుము మీద, స్టెయిన్‌లెస్ స్టీలు మీద చక్కగా నడిచే డీసీ మీద టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో, జడవాయువు కింద చేసే ఆర్క్ వెల్డింగ్) మిషన్‌ని పెట్టి ఒక అల్యూమినియం రేకు మీద ఆర్క్ వెలిగించి చూడండి. రేకు లోపల మెత్తబడుతుంది, కాస్త ఉబ్బుతుంది. పైన మాత్రం మసకగా ఒక పొర ముడతలు పడుతూ నిలిచే ఉంటుంది. ఫిల్లర్ రాడ్ అందిస్తే బొట్టుగా ముడుచుకుని పక్కకి దొర్లుతుంది తప్ప లోహంలో కలవదు. కరెంటు పెంచితే ఉన్నట్టుండి చిల్లుపడి లోహమంతా కిందికి జారిపోతుంది. అదే టార్చ్, అదే ఆర్గాన్, అదే రేకు. మిషన్ మీద మీటను ఏసీ వైపు తిప్పితే పొర విడిపోయి మడుగు తేటపడుతుంది, రాడ్ కరిగి అందులో కలిసిపోతుంది.

‘ఆర్గాన్ వెల్డింగ్’ అని బోర్డు పెట్టుకున్న ఆటోనగర్ షాపుల్లో ఈ తేడాని చేత్తో ఎరగనివాళ్లు లేరు. కారణం అడిగితే చెప్పగలిగేవాళ్లు తక్కువ. చేతికి తెలిస్తే చాలదా అనిపించవచ్చు. చాలదు. మిషన్ మారినప్పుడు, మిశ్రమం మారినప్పుడు, అల్యూమినియం అనుకున్న ముక్క మెగ్నీషియం అయినప్పుడు చేతి అలవాటు దారి చూపదు. ఏసీ ఎందుకు కావాలి, ఎంత కావాలి, ఎక్కడిదాకా పనికొస్తుంది అన్న మూడు ప్రశ్నలనూ ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం అక్కడే వస్తుంది.

శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. గాలి తగిలిన క్షణంలోనే దానిమీద ఏర్పడే అల్యూమినా పొర కరగాలంటే సుమారు 2070 డిగ్రీలు కావాలి. పొర మందం కొన్ని నానోమీటర్లే. కానీ కాగిన పాలమీద మీగడ కట్టినట్టు, కింద లోహమంతా ద్రవమైపోయినా పైన అది గట్టిగా పట్టుకుని ఉంటుంది. రెండు అంచులు పక్కపక్కనే కరిగినా ఒకదాన్నొకటి తాకనివ్వదు. దానికి తోడు దాని సాంద్రత లోహం కంటే ఎక్కువ. అల్యూమినియంది 2.7 అయితే అల్యూమినాది 4కి దగ్గర. ఉక్కు వెల్డింగులో స్లాగ్ పైకి తేలినట్టు ఇది తేలి తప్పుకోదు. చినిగిన ముక్కలు మడుగులోనే మడతలుపడి, అతుకు గడ్డకట్టాక లోపల పగుళ్లలాగే ప్రవర్తిస్తాయి.

మెగ్నీషియం సంగతి మరీ విచిత్రం. అది 650 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 1090 దగ్గర మరిగి ఆవిరైపోతుంది. దాని ఆక్సైడ్ మాత్రం 2800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అంటే పొర కరిగేలోపు కింద లోహమే మిగలదు. ఇంకో తేడా ఉంది. అల్యూమినియం ఆక్సైడ్‌గా మారినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 1.28 రెట్లు అవుతుంది, అందుకే పొర లోహాన్ని నిండుగా కప్పి కాపాడుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌గా మారితే ఘనపరిమాణం 0.8 రెట్లకు కుంచించుకుపోతుంది. పొర లోహానికి చాలదు, సందులు మిగులుతాయి, వేడి మీద ఆక్సిజన్ ఆ సందుల్లోంచి లోపలికి పోతూనే ఉంటుంది. మెగ్నీషియం మంటకి మూలాల్లో ఇదొకటి.

ఈ పొరని ఒకప్పుడు రసాయనంతో కరిగించేవాళ్లు. గ్యాస్ వెల్డింగులో క్లోరైడ్, ఫ్లోరైడ్ లవణాల ఫ్లక్స్ పూస్తే అది ఆక్సైడ్‌ని తనలో కలుపుకుంటుంది. పని అయ్యాక ఆ ఫ్లక్స్‌ని వేడినీళ్లతో, బ్రష్‌తో ఆనవాలు లేకుండా కడగాలి. మూలల్లో కాస్త మిగిలినా గాలిలో తేమని లాక్కుని లోహాన్ని తినేస్తుంది. సత్తు గిన్నెకి మాటు వేసినప్పుడు ఇది పెద్ద లెక్క కాకపోవచ్చు. విమానం రెక్కలోపల కడగడానికి చెయ్యి పట్టని చోట అతుకు వేస్తే మాత్రం ప్రాణాల మీదికి వస్తుంది.

టిగ్ పుట్టింది సరిగ్గా ఈ ఇబ్బందిలోనే. గాలి తగలని చోట ఆర్క్ వెలిగించాలన్న ఆలోచన అంతకుముందే ఉంది. 1920ల్లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో హోబార్ట్ హీలియంతో, డెవర్స్ ఆర్గాన్‌తో ప్రయోగాలు చేసి పేటెంట్లు పొందారు. అప్పట్లో ఆ వాయువుల ధర చూసి పరిశ్రమ వెనకాడింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికాలో జాక్ నార్త్‌రప్‌కి మెగ్నీషియంతో యుద్ధవిమానం కట్టాలన్న పట్టుదల కలిగింది. ఆయన సంస్థలో పనిచేసిన రస్సెల్ మెరెడిత్, టంగ్‌స్టన్ కడ్డీ చుట్టూ హీలియం ఊదే టార్చ్‌ని తయారుచేశాడు. ‘హీలియార్క్’ అని పేరు పెట్టిన ఆ పద్ధతికి 1942లో పేటెంటు వచ్చింది. దాంతో అతికిన మెగ్నీషియం విమానం ఎక్స్‌పీ-56 రెండు నమూనాల దగ్గరే ఆగిపోయింది. దానికోసం పుట్టిన వెల్డింగ్ పద్ధతి ప్రపంచమంతా మిగిలింది. టిగ్‌ని స్టెయిన్‌లెస్ స్టీలు పద్ధతిగానూ, అల్యూమినియం, మెగ్నీషియంలను దాని అనుబంధంగానూ చెప్పే పాఠ్యపుస్తకాలు వరసని తిరగేస్తున్నాయని నా అభిప్రాయం. మొదటి లోహం మెగ్నీషియమే.

తొలిరోజుల్లో టార్చ్‌ని డీసీ పాజిటివ్‌కి కలిపారు. పొర బాగా విడిపోయింది. కానీ టంగ్‌స్టన్ వేడెక్కి కరిగి, దాని తునకలు అతుకులో పడ్డాయి. నెగటివ్‌కి మార్చితే టంగ్‌స్టన్ చల్లబడింది, పొర కదలడం మానేసింది. చిక్కంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

ఎలక్ట్రాన్లు నెగటివ్ నుంచి పాజిటివ్‌కి పరుగెడతాయి, చేరిన చోట తమ శక్తిని దించేస్తాయి. కడ్డీ నెగటివ్ అయితే ఆర్క్ వేడిలో మూడింట రెండు వంతులు పనిముక్క మీద పడుతుంది, కడ్డీకి మూడో వంతే. పాజిటివ్ అయితే తిరగబడుతుంది. తేడా ఎంత తీవ్రమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది: 2.4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ కడ్డీ నెగటివ్‌గా ఉన్నప్పుడు 150 నుంచి 250 ఆంపియర్లు మోస్తుంది. పాజిటివ్‌గా ఉంటే 15 నుంచి 30 ఆంపియర్లు దాటితే కరిగిపోతుంది. 30 ఆంపియర్లతో దళసరి అల్యూమినియం కరిగేది లేదు. శుద్ధ అల్యూమినియం ఉష్ణవాహకత మెత్తని ఉక్కుకి నాలుగైదు రెట్లు. పోసిన వేడిని పోసినట్టే ముక్కంతా పంచేస్తుంది.

అందుకని ఏసీ. ఒక అర్ధ చక్రంలో కడ్డీ నెగటివ్: వేడి లోపలికి దిగుతుంది, కడ్డీ ఊపిరి పీల్చుకుంటుంది. మరో అర్ధ చక్రంలో కడ్డీ పాజిటివ్: పొర చీలుతుంది. ఏసీ అంటే ఈ రెండింటి మధ్య రాజీ. గడిచిన ఎనిమిది దశాబ్దాల్లో ఈ మిషన్లకి జరిగిన మార్పుల్లో చాలావరకు ఈ రాజీని చక్కదిద్దడానికి వచ్చినవే.

పాజిటివ్ అర్ధ చక్రంలో పొర ఎలా పోతుంది? షాపుల్లోనూ, శిక్షణ పుస్తకాల్లోనూ వినిపించే జవాబు ఇసుక ఊదుడు లాంటిది. ఆర్గాన్ అయాన్ ఎలక్ట్రాన్ కంటే 73 వేల రెట్లు బరువు, అది వచ్చి పొరని గుద్ది పగలగొడుతుంది అంటారు. తేలికైన హీలియంలో శుభ్రత తక్కువగా ఉండటం ఈ వాదనకి బలమిస్తుంది. అయితే అయాన్లకి అందే శక్తి అంత గట్టి ఆక్సైడ్‌ని చెక్కేయడానికి చాలదన్న అభ్యంతరమూ ఉంది. నాకు ఎక్కువ నమ్మకంగా తోచేది రెండో వివరణ. టంగ్‌స్టన్ 3400 డిగ్రీలు దాటేవరకూ కరగదు కాబట్టి వేడికే ఎలక్ట్రాన్లని వదులుతుంది. అల్యూమినియం అంత వేడికి చేరకముందే ఆవిరైపోతుంది, కాబట్టి అది ఎలక్ట్రాన్లని మరో దారిలో ఇవ్వాలి. పొర విద్యుత్ బంధకం. ఆర్క్‌లోంచి వచ్చిన పాజిటివ్ అయాన్లు దానిమీద పేరుకుంటాయి. 5 నానోమీటర్ల పొరకి అటూ ఇటూ 5 వోల్టుల తేడా వచ్చినా అది మీటరుకి వంద కోట్ల వోల్టుల క్షేత్రం. ఆ ఒత్తిడికి పొర ఎక్కడికక్కడ పేలి, ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా బయటికి దూకుతాయి. వేగంగా పరుగులు తీసే సన్నని వెలుగు చుక్కలుగా కనిపించేది ఇదే. ఒకచోట పొర పోగానే చుక్క పొర ఉన్న పక్కచోటికి జరుగుతుంది.

ఈ చర్చ పండితులకే వదిలేయాల్సింది కాదు, పనివాడికీ దీనితో పనుంది. చుక్కలు పొర ఉన్నచోటికే పోతాయి కాబట్టి, ఒక మోతాదు దాటాక పాజిటివ్ వాటా పెంచినకొద్దీ అతుకు ఎక్కువ శుభ్రం కాదు. అతుకు పక్కన తెల్లగా చెక్కినట్టు కనిపించే పట్టీ వెడల్పవుతుంది. అంతే. పల్చని పొర పేలుతుంది గానీ దళసరి పొర పేలదు. ఆనొడైజ్ చేసిన సరుకు మీద పొర చాలాసార్లు 5 నుంచి 25 మైక్రాన్లు, అంటే సహజమైన పొరకి వేల రెట్లు. దానిమీద ఎంత ఏసీ పోసినా ఆర్క్ తిరుగుతూ ఉంటుంది తప్ప పట్టదు. గీకి తీయాల్సిందే. ఏళ్లతరబడి వానలో నానిన పడవ రేకుదీ, తుప్పుపట్టిన కండెన్సర్‌దీ అదే కథ.

పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లలో ఏసీకి తన తలనొప్పులు ఉండేవి. మన 50 హెర్ట్జ్ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాని దాటుతుంది. సైన్ తరంగం సున్నా దగ్గర మెల్లగా నడుస్తుంది, ఈలోపు ఆర్క్ ఆరిపోతుంది. పాజిటివ్ వైపు మళ్లీ వెలగడం మరీ కష్టం, ఎందుకంటే ఎలక్ట్రాన్లు ఇవ్వాల్సింది చల్లటి అల్యూమినియం. అందుకే మొదటినుంచి చివరిదాకా హై ఫ్రీక్వెన్సీ నిప్పురవ్వని ఆర్క్ మీద నడపాల్సి వచ్చేది, చుట్టుపక్కల రేడియోలు గరగరలాడేవి. అప్పటికీ పాజిటివ్ సగం నెగటివ్ సగం కంటే బలహీనంగానే ఉండేది. ఆ తేడా డీసీగా మిగిలి ట్రాన్స్‌ఫార్మర్‌ని వేడెక్కించేది, పొర సరిగా చీలేది కాదు. దాన్ని అడ్డుకోవడానికి కెపాసిటర్ల వరసనో బ్యాటరీలనో సిరీస్‌లో కలిపేవాళ్లు.

1970ల్లో చదరపు తరంగం మిషన్లు వచ్చి సున్నాని దూకి దాటడం నేర్పాయి. ఆ తర్వాత ఇన్వర్టర్లు వచ్చాయి. వీటిలో కరెంటుని ముందు డీసీగా మార్చి, ఐజీబీటీ స్విచ్చులతో మనకి కావలసిన ఆకారంలో ఏసీగా కోస్తారు. సున్నా దాటడం ఎంత వేగమంటే హై ఫ్రీక్వెన్సీ ఆర్క్ వెలిగించేటప్పుడు మాత్రమే అవసరమవుతుంది. చేతిలో మూడు మీటలు కొత్తగా వచ్చాయి: బ్యాలెన్స్, ఫ్రీక్వెన్సీ, కొన్ని మిషన్లలో రెండు సగాలకీ విడివిడిగా కరెంటు.

వీటిలో బ్యాలెన్స్ మీటకే నేను పెద్దపీట వేస్తాను. సగం సగం ఉన్న సైన్ తరంగంతో పోలిస్తే నెగటివ్ వాటా 65 నుంచి 75 శాతం ఉంటే అతుకు లోతుగా దిగుతుంది, కడ్డీ మొన నిలుస్తుంది. సరుకు శుభ్రంగా ఉంటే 80కి దగ్గరగా పోవచ్చు. మడుగులో నల్లటి నలకలు, మిరియాలు చల్లినట్టు కనిపిస్తే పాజిటివ్ కాస్త పెంచాలి. కడ్డీ మొన గుండ్రంగా ఉబ్బి వణుకుతుంటే తగ్గించాలి. ఒక హెచ్చరిక. కొన్ని కంపెనీల మిషన్లు నెగటివ్ శాతాన్ని చూపిస్తాయి, కొన్ని పాజిటివ్ శాతాన్ని, కొన్ని సున్నాకి అటూ ఇటూ అంకెల్ని. ఒక మిషన్ మీద 70 అలవాటైన వెల్డర్ మరో మిషన్ మీద అదే 70 పెట్టి కడ్డీని కరిగించుకోవడం జరుగుతుంది. కొత్త మిషన్ ముందు నిలబడ్డప్పుడు ఆ అంకె ఏ సగానిదో మొదట తెలుసుకోవాలి.

ఫ్రీక్వెన్సీ పెంచితే ఆర్క్ సన్నబడి నిటారుగా నిలుస్తుంది. 100, 120 హెర్ట్జ్ దగ్గర మూల అతుకులు, పల్చని రేకు అంచులు చక్కగా వస్తాయి. దళసరి పోత ముక్క మీద మాత్రం 60, 70 దగ్గర వెడల్పాటి మెత్తని ఆర్కే నయం. ఇందులో రహస్యమేమీ లేదు, రెండు ముక్కలు తీసుకుని మీట తిప్పి చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది.

టంగ్‌స్టన్ విషయంలో మన షాపులు పాతలోనే ఉండిపోయాయి. ట్రాన్స్‌ఫార్మర్ రోజుల్లో ఆకుపచ్చ రంగు శుద్ధ టంగ్‌స్టన్‌నో, గోధుమ లేదా తెలుపు రంగు జిర్కోనియా కడ్డీనో వాడి మొనని గుండుగా చేసుకునేవాళ్లు. ఇన్వర్టర్‌కి అది అక్కర్లేదు. బంగారు రంగు, నీలం రంగు లాంథనం కడ్డీలు, బూడిదరంగు సీరియం కడ్డీ మొన చెక్కి, చివర కాస్త మొద్దుచేసి వాడితే ఏసీలోనూ నిలుస్తాయి. ఎర్ర కడ్డీలో థోరియం ఉంది. అది రేడియోధార్మిక పదార్థం. ముట్టుకుంటే ప్రమాదం అంతగా లేకపోయినా, గ్రైండింగ్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే కూర్చుని ఆల్ఫా కిరణాలు వెదజల్లుతుంది. బదులుగా వాడదగిన కడ్డీలు దొరుకుతుండగా ఎర్రకడ్డీని మాస్క్ లేకుండా అరగదీయించే యజమానులు ఆ అలవాటు మానాలి.

వాయువుకి ఆర్గానే మొదటి మాట. ఆర్క్ తేలిగ్గా వెలుగుతుంది, పొర బాగా విడిపోతుంది, గాలికంటే బరువు కాబట్టి మడుగు మీద నిలుస్తుంది. హీలియం అయాన్‌గా మారడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఆర్గాన్‌కి 15.8 చాలు. అందువల్ల హీలియం కలిపితే ఆర్క్ వోల్టేజీ పెరిగి వేడి ఎక్కువ దిగుతుంది, దళసరి ముక్కకి ప్రీహీట్ తగ్గుతుంది. ఖరీదు తట్టుకోగలిగినవాళ్లకే అది.

మిషన్ గురించి ఇంత చెప్పాక అసలు మాట చెప్పాలి. అల్యూమినియం అతుకులు పాడవడానికి నా దృష్టిలో పెద్ద కారణం మిషన్ కాదు, హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం, గట్టిపడిన అల్యూమినియం కంటే సుమారు 20 రెట్లు హైడ్రోజన్‌ని పట్టుకుంటుంది. మడుగు గడ్డకట్టేటప్పుడు ఆ వాయువు బయటికి పోలేక సూది రంధ్రాలుగా మిగిలిపోతుంది. హైడ్రోజన్ ఎక్కడినుంచి వస్తుంది? నూనె, గ్రీజు, చేతి చెమట, రాడ్ మీద తేమ, ఆక్సైడ్ పట్టుకున్న నీరు, వదులైన గ్యాస్ పైపు జాయింట్లు. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో వర్షాకాలం ఉదయం షెడ్డు తెరిచేసరికి రేకు మీద కంటికి కనపడని తడి ఉంటుంది. ఏసీ ఆక్సైడ్ పొరని చీలుస్తుంది, నూనెని చీల్చదు.

శుభ్రం చేయడానికి వరస ముఖ్యం. ముందు అసిటోన్‌తో తుడవాలి, ఆరనివ్వాలి, ఆ తర్వాతే స్టెయిన్‌లెస్ బ్రష్ పట్టాలి. వరస తిరగబడితే బ్రష్ జిడ్డుని లోహంలోకి రుద్దుతుంది. బ్రష్ అల్యూమినియంకే కేటాయించాలి, ఇనుము మీద తిరిగింది పనికిరాదు. ఫిల్లర్ రాడ్‌ని కూడా తుడవాలి. దీన్ని పట్టించుకునేవాళ్లు అరుదు. క్లోరిన్ ఉన్న సాల్వెంట్లు, కొన్ని బ్రేక్ క్లీనర్లు ఆర్క్ దగ్గరికే రాకూడదు. ఆర్క్ వేడికీ కాంతికీ అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారగలవు. బైకు క్రాంక్‌కేసు లాంటివి ఏళ్లతరబడి నూనె తాగి ఉంటాయి. పైగా వాటిలో చాలావరకు ప్రెషర్ డై కాస్టింగులు, లోపలే వాయువు బంధించి ఉంటుంది. వేడి తగలగానే బుడగలు పొంగుతాయి. పగులుని కార్బైడ్ బర్‌తో లోతుగా తవ్వి, వేడిచేసి నూనె బయటికి రప్పించి, తుడిచి, మొదటి పొర వేసి, అది నల్లబడితే గీకి మళ్లీ వేయడం తప్ప దగ్గరిదారి లేదు.

ఫిల్లర్ ఎంపిక రెండో పెద్ద కారణం. 6061 లాంటి మిశ్రమాన్ని రాడ్ లేకుండా కరిగించి అతికితే గడ్డకట్టేటప్పుడే నిలువునా పగులుతుంది. అందులో సిలికాన్, మెగ్నీషియం సరిగ్గా పగుళ్లకి అనువైన మోతాదులో ఉంటాయి. 5 శాతం సిలికాన్ ఉన్న 4043 రాడ్, లేదా 5 శాతం మెగ్నీషియం ఉన్న 5356 రాడ్ ఆ మోతాదుని దాటించి కాపాడతాయి. రెండిట్లో ఏది? 4043 మడుగు నీళ్లలా పారుతుంది, పగుళ్లు తక్కువ, కానీ ఆనొడైజ్ చేస్తే అతుకు నల్లబూడిద రంగులోకి పోతుంది. 5356 బలంగా ఉంటుంది, రంగు కలుస్తుంది, అయితే ఎప్పుడూ 65 డిగ్రీలు దాటే వేడిలో పనిచేసే చోట వాడకూడదు. పడవలకి వాడే 5083 లాంటి మెగ్నీషియం ఎక్కువున్న రేకుని 4043తో అతికితే పెళుసు సమ్మేళనం ఏర్పడుతుంది. ఏదైనా ఒకే రాడ్‌తో లాగించేయడం అన్నది మన షాపుల్లో మానాల్సిన రెండో అలవాటు.

అతుకు బాగా వచ్చినా పక్కనున్న లోహం బలం తగ్గుతుందన్న సంగతి డిజైన్ చేసేవాళ్లే మర్చిపోతారు. వేడి చికిత్సతో గట్టిపరచిన టీ6 స్థితిలో 310 మెగాపాస్కల్స్ దాకా లాగే 6061, అతుకు పక్కన డిజైన్ లెక్కలకి 165 మాత్రమే. వేడి దాని బలాన్ని తీసేసింది, వెల్డర్ తప్పేమీ లేదు. అతుకుని తక్కువ ఒత్తిడి ఉండే చోటికి జరపడమో, మందం పెంచడమో గీత గీసేటప్పుడే చేయాలి.

మిశ్రమాన్ని సరిగా ఎంచుకుంటే అతుకు ఎంత నమ్మకంగా ఉంటుందో చూడాలంటే శ్రీహరికోట నుంచి లేచే జీఎస్ఎల్వీ క్రయోజెనిక్ దశల ట్యాంకుల సంగతి గుర్తుచేసుకోవాలి. మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్‌ని మోసే ఆ ట్యాంకులకి 2219 అనే మిశ్రమాన్ని వాడతారు. రాగి కలిసిన 2024ని, జింకు కలిసిన 7075ని కరిగించి అతకబోతే పగుళ్లు వస్తాయి. 2219లోనూ రాగి ఉంది, అదీ 6 శాతం పైన. అంత ఎక్కువ ఉండటమే రక్ష: గడ్డకట్టే చివరి క్షణంలో సందుల్ని పూడ్చేంత ద్రవం మిగులుతుంది. అదే జాతి 2319 రాడ్‌తో అది చక్కగా అతుకుతుంది, అతిశీతలంలో పెళుసెక్కకుండా ఇంకా బలపడుతుంది. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన సాటర్న్-5 రాకెట్ మొదటి దశ ట్యాంకులూ ఈ మిశ్రమానివే.

ఇక మెగ్నీషియం. వెల్డింగ్ పుస్తకాలు దీన్ని అల్యూమినియం అధ్యాయం చివర రెండు పేరాల్లో ముగిస్తాయి, అది న్యాయం కాదు. ఏసీ, ఆర్గాన్, శుభ్రత ఇవన్నీ ఒకటే. కానీ అదే పరిమాణం మెగ్నీషియం కరగడానికి అల్యూమినియానికి కావలసిన వేడిలో దాదాపు మూడింట రెండు వంతులు చాలు. కాబట్టి కరెంటు తక్కువ, చెయ్యి వేగం ఎక్కువ. రాడ్‌ని తొందరగా అందించాలి, మడుగుని చిన్నదిగా ఉంచాలి. వేడి ఎక్కువైతే లోహం తెల్లని పొగగా లేచి పక్కనే బూడిదలా పేరుకుంటుంది. ఏజెడ్31 రేకుకి సాధారణంగా ఏజెడ్61 లేదా ఏజెడ్92 రాడ్ వాడతారు. ఆ పేరులో ‘ఏ’ అల్యూమినియానికి, ‘జెడ్’ జింకుకి, అంకెలు వాటి శాతాలకి గుర్తు. జింకు ఎక్కువున్న జెడ్‌కే60 లాంటివి గడ్డకట్టేటప్పుడు పగులుతాయి. అల్యూమినియం 1.5 శాతం దాటిన మెగ్నీషియం మిశ్రమాల్లో అతుకు దగ్గర మిగిలిన బిగువు, తేమతో కలిసి నెలల తర్వాత పగులు తెప్పించగలదు. అందుకే ఏజెడ్31ని వెల్డింగ్ తర్వాత 260 డిగ్రీల దగ్గర పావుగంట ఉంచి బిగువు దించుతారు. ఆ పని మానేసి సరుకు ఇచ్చేయడం మోసంతో సమానం.

మంట గురించి భయమూ నిర్లక్ష్యమూ రెండూ చూస్తుంటాం. దళసరి మెగ్నీషియం ముక్క ఆర్గాన్ కింద వెల్డింగులో అంటుకోదు. వేడి లోపలికి పారిపోతుంది. అంటుకునేది పొట్టు, రజను, గ్రైండింగ్ దుమ్ము. అది అంటుకుంటే నీళ్లు పోయకూడదు, నీటినుంచి హైడ్రోజన్ పుట్టి మంట పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, మెగ్నీషియం అందులోనూ మండుతుంది. లోహాల మంటకని తయారైన డీ తరగతి పొడి కావాలి. 1955లో ఫ్రాన్స్‌లోని లె మాన్ పందెంలో మెర్సిడెస్ కారు జనంలోకి దూసుకుపోయి 80 మందికి పైగా చనిపోయారు. ఆ కారు ఒళ్లంతా మెగ్నీషియం మిశ్రమం. నీళ్లతో ఆర్పబోతే మంట ఇంకా చెలరేగింది.

ముక్క ఏ లోహమో గుర్తించడం కష్టమేమీ కాదు. మెగ్నీషియం సాంద్రత 1.74, చేత్తో పట్టుకుంటేనే తేలిక తెలుస్తుంది. ఒక మూల గీకి వెనిగర్ చుక్క వేస్తే మెగ్నీషియం మీద బుసబుసమని బుడగలు వస్తాయి, అల్యూమినియం మీద రావు. పాత స్కూటర్ భాగాలు, వోక్స్‌వాగన్ బీటిల్ ఇంజిన్ కేసు, గొలుసురంపం ఒళ్లు, కొన్ని గేర్‌బాక్స్ కవర్లు ఇలా చూడకుండా గ్రైండర్ కిందికి పోకూడదు.

ఏసీ టిగ్‌కి పోటీ లేకపోలేదు. హీలియంలో డీసీ నెగటివ్‌తో, ముందే బాగా శుభ్రం చేసిన దళసరి అల్యూమినియాన్ని యంత్రాలు లోతుగా అతుకుతాయి. రెండు సగాల సమయాన్నీ కరెంటునీ విడివిడిగా అదుపుచేసే ప్లాస్మా పద్ధతిని నాసా మార్షల్ కేంద్రం 1980ల్లో షటిల్ బయటి ట్యాంకు కోసం తీర్చిదిద్దింది. 1991లో ఇంగ్లండులోని టీడబ్ల్యూఐ కనిపెట్టిన ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ అసలు లోహాన్ని కరిగించకుండానే కలిపేస్తుంది. హైడ్రోజన్ రంధ్రాలు లేవు, గడ్డకట్టే పగుళ్లు లేవు, 2024, 7075లు కూడా లొంగుతాయి. ట్యాంకులు, రైలు పెట్టెలు, పడవ డెక్కుల్లాంటి తిన్నని పొడుగాటి అతుకుల్లో భవిష్యత్తు దానిదే. కానీ దానికి బరువైన యంత్రం, గట్టి బిగింపు కావాలి. విరిగిన క్రాంక్‌కేసుకి, వంకరపోయిన పైపుకి, ఒక్కటే కావలసిన బ్రాకెట్టుకి మనిషి చేతిలోని ఏసీ టిగ్ టార్చే దిక్కు, ఇంకా చాలాకాలం అదే దిక్కు.

ఆ చేతిని కాపాడుకోవడం గురించి ఒక మాట. మెరిసే అల్యూమినియం అతినీలలోహిత కాంతిని తిప్పికొడుతుంది, మెడకింద, గడ్డంకింద చర్మం కాలుతుంది. అదే కాంతి గాలిలో ఓజోన్‌ని పుట్టిస్తుంది. ఆర్గాన్ ట్యాంకు అడుగున చేరి ఆక్సిజన్‌ని తోసేస్తుంది; వాసన ఉండదు, హెచ్చరిక ఉండదు. ట్యాంకులోపల పనిచేసే మనిషికి గాలి అందించే ఏర్పాటు, బయట కాపలా మనిషి తప్పనిసరి.

ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఏడాది కోర్సు. ఆ ఏడాదిలో అల్యూమినియం ముక్కని అతికించడం నేర్పితే సరిపోదు. చేతికిచ్చిన ముక్క ఏ లోహమో, ఏ మిశ్రమమో గుర్తించడం, బ్యాలెన్స్ మీట తిప్పి తేడా చూడటం, అతికిన ముక్కని కోసి లోపలి రంధ్రాలు తనే లెక్కపెట్టుకోవడం, మెగ్నీషియం రజనుని ఎక్కడ ఎలా దాచాలో తెలుసుకోవడం కూడా నేర్పాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక ఏసీ ఇన్వర్టర్, నాలుగైదు రకాల మిశ్రమాల ముక్కలు, ఒక రంపం, ఒక డీ తరగతి పొడి డబ్బా ఉంటే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల శిక్షణ శాఖలూ, షాపుల యజమానుల సంఘాలూ దీన్ని వచ్చే విద్యా సంవత్సరానికే మొదలుపెట్టాలని కోరుతున్నాను.